గేదె మేత మానేసింది

పొద్దున పాలివ్వడం, మధ్యాహ్నం చెరువులో పొర్లడం, సాయంత్రం కుడితి తాగి గుంజ దగ్గర పడుకోవడం. ఆ గేదెకి ఏ లోటూ లేదు.

ఒకనాడు పెరట్లో చింతచెట్టు మీద వాలిన వలస కొంగ, "ఈ పలుపు ఎంత పొడుగో నీ లోకం అంతే. ఇదీ ఒక బతుకేనటే?" అంది.

గేదె మేత మానేసింది. పక్కటెముకలు తేలాయి.

చలికాలం పోయి కొంగ ప్రయాణమైంది.

"ఎక్కడికి కొంగమ్మా?" అంది గేదె నీరసంగా.

"ఉత్తరాన, నేను పుట్టిన చెరువుకి."

"మళ్లీ చలికాలానికి?"

"ఇక్కడికే. ఈ కొమ్మ మీదికే."

"ఆ తర్వాత?"

"ఆ చెరువుకే. మా అమ్మా అంతే, అమ్మమ్మా అంతే."

గేదె కాసేపు ఆలోచించింది.

"అయితే నీ పలుపు కాస్త పొడుగన్నమాట," అని గడ్డిలో మూతి పెట్టింది.

కొంగ ఎగరబోయి, ఆగి, తన కాలి వంక ఒకసారి చూసుకుంది.