టాప్ దించిన కారు

"దుమ్ము దులపమని నిన్నెవరు అడిగారమ్మా!" అంది కూతురు, గొంతు తగ్గించి.

తల్లి జిగురు ఆరేదాకా కారు టాప్‌ను వేళ్లతో అదిమి పట్టుకుంది. భర్త ముచ్చటపడి తయారుచేసుకుంటున్న ఆ అరచేతంత ప్లాస్టిక్ కారు అల్మారాలోంచి పడి, టాప్ ఊడిపోయింది. దాన్ని నిలబెట్టే సన్నటి కమ్మీల విరిగిన అంచులు ఎంతకీ కలవకపోయేసరికి, ఉప్పు కాగితంతో అరగదీసి అతికించింది. టాప్ కాస్తా పొట్టిదైపోయింది.

అంతలో ఆయన రానే వచ్చాడు. కారు చేతిలోకి తీసుకుని కళ్లజోడు సర్దుకున్నాడు.

"టాప్ ఇంత కిందికి ఎవరు దించారు?"

"నేనేనండీ. ఇలా ఉంటే బాగుంటుందని..."

"పాత కారుని రేసు బండిలాంటి హాట్ రాడ్ చెయ్యాలంటే ఇలాగే దించాలే! అప్పుడే దానికా పొగరు. కమ్మీలు కొయ్యడానికి ధైర్యం చాలక ఇన్నాళ్లూ చూస్తూ కూర్చున్నాను. నీకింత పనితనం ఉందని నాకేం తెలుసు?"

కూతురు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

ఆయన బీరువాలోంచి, ఎవర్నీ ముట్టుకోనివ్వని పెట్టె తెచ్చాడు. అందులోని కొత్త కారు బాడీని బల్ల మీద పెట్టాడు. "దీని టాప్ కూడా నువ్వే కొయ్యాలి."

"అమ్మా, నిజం చెప్పెయ్," కూతురు చెవిలో గొణిగింది.

చెబుదామనే ఆవిడ నోరు తెరిచింది. ఆయన అప్పటికే తన కుర్చీని ఆవిడ కోసం వెనక్కి లాగి, దీపం ఇటు తిప్పుతున్నాడు. ఇన్నేళ్లలో ఆ బల్ల దగ్గర ఆవిడకి దొరికిన పని ఖాళీ కాఫీ కప్పులు తియ్యడమొక్కటే.

ఆవిడ కూర్చుంది. చిన్న రంపం అందుకుంది.

"ఎంత కొయ్యమంటారు?"