గుమ్మంలో బిందె

చూడకూడదనుకుంటూనే అరుగు దిగుతూ జ్ఞానమ్మ మళ్ళీ గుమ్మం వైపు చూసింది.

ఆ ఇంటి విధవావిడ నీళ్ళ బిందెతో సిద్ధంగా నిలబడి ఉంది. ముతక తెల్లచీర, కళ్ళ దాకా ముసుగు. పంతులమ్మ ఎప్పుడు దిగుతుందా, కూర్చున్న చోటు ఎప్పుడు కడిగేద్దామా అన్నట్టు.

రాజమండ్రికి రైలొచ్చిన కొత్తరోజులవి. రామచంద్రపురం దగ్గర ఓ ఊరి కరణం అప్పాజీగారు. ఆయన అల్లుడు రాజమండ్రి కాలేజీలో చదువుతూ, పెళ్ళాం నాలుగు ముక్కలు నేర్చుకుంటే గానీ కాపురానికి తీసుకెళ్ళనని కబురు పెట్టాడు. దాంతో కరణంగారు మడీ ఆచారం కాస్త పక్కకి జరిపి మిషను పంతులమ్మని అరుగు దాకా రానిచ్చారు. అరుగు దాకానే. పాఠం అవగానే పిల్లకి నెత్తిన నీళ్ళు, అరుగుకీ నీళ్ళు.

ఆ నీళ్ళ చప్పుడు చెవిన పడకముందే వీధి మలుపు తిరిగిపోవాలని జ్ఞానమ్మ గబగబా నడిచేది. చిత్రమేంటంటే, ఒక్కనాడూ ఆ చప్పుడు వినబడలేదు. తన నడక అంత జోరుగా ఉంటుంది కాబోలని సరిపెట్టుకునేది.

ఇంత అవమానం దిగమింగుకుని మళ్ళీ ఎందుకొచ్చేదంటే, కరణంగారమ్మాయి పాపాయి కోసం. పదేళ్ళయినా నిండని ఆ పిల్ల అడిగే ప్రశ్నలు అలాంటివి.

"పంతులమ్మగారండీ, గీతకి పొడుగే గానీ వెడల్పు ఉండదన్నారు కదండీ. మరి మీరు గీసింది నాకెలా కనబడుతోందండి?"

ఇంకో రోజు, "బిందె బావిలో మునిగున్నంతసేపూ తేలిగ్గా ఉంటుంది కదండీ. పైకి లాగితే బరువెక్కిపోతుంది. నీళ్ళలో ఉండగా ఆ బరువు ఎవరు మోస్తారండి?" అంది.

జ్ఞానమ్మ సుద్దముక్కతో గచ్చు మీద బొమ్మలు గీసి తెలిసినంత చెప్పేది. తెలియనిది మిషను దొరసానిని అడిగొచ్చి చెప్పేది. ఇంత బుర్ర ఉన్న పిల్ల తన చేతిలో పడిందని ఇంటికెళ్ళి మురిసిపోయేది.

పిల్లతో ఒక్కటే చిక్కు. పాఠం మధ్యలో దాహమంటూ లోపలికి పరిగెత్తేది. రాగానే ఇంకో ప్రశ్న.

"నీకింత దాహమేంటమ్మా?"

పాపాయి నవ్వేసి ఊరుకునేది.

ఆ రోజు కూడా లోపలికెళ్ళి వచ్చింది.

"భూమి తిరుగుతోందన్నారు కదండీ. అంటే బావీ తిరుగుతుంది కదండీ. మరి పైనుంచి చేద వదిలితే... చేద..."

"ఊఁ, చేదకేమైంది?"

పిల్ల తడబడి గుమ్మం వైపు చూసింది.

అంతలో ఆ విధవావిడ బిందె చంకన పెట్టుకుని గబగబా అరుగు మీదికి వచ్చేసింది. జ్ఞానమ్మ ఇంకా లేవనైనా లేదు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"ఇంకా దిగలేదండీ. నేను వెళ్ళేదాకా అయినా ఓపిక పట్టలేరా? ఇక ఈ అరుగెక్కను లెండి. మీకు కడిగే శ్రమ తప్పుతుంది."

ఆవిడ పెదవులు ఏదో అనబోయినట్టు కదిలాయి. లోపల కరణంగారి తల్లి దగ్గిన చప్పుడుకి బిందెతో సహా వెనక్కి తగ్గిపోయింది.

జ్ఞానమ్మ దారంతా ఏడ్చుకుంటూ వెళ్ళింది. మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు.

వరికోతలు మొదలయ్యాక ఓ రోజు కాలవ పడవలో వెళ్తుంటే ఆమె చేతిలోని నిమ్మకాయ జారింది. పడవ సాగిపోతూనే ఉంది. కాయ మాత్రం తిన్నగా ఆమె కాళ్ళ దగ్గరే పడింది. మళ్ళీ తీసి వదిలింది. మళ్ళీ అక్కడే. పడవతో పాటు చెయ్యీ, చేతిలోని కాయా సాగుతున్నాయి మరి. భూమితో పాటు బావీ, చేదా అంతే.

బావి తిరుగుతుంటే చేద గోడకి కొట్టుకోకుండా తిన్నగా ఎలా దిగుతుందనే పాపాయి అడగబోయిందని అప్పుడు తెలిసింది. కోపం గీపం కాలవలో కలిసిపోయాయి. కరణంగారి ఊరి రేవు రాగానే దిగిపోయింది.

పాపాయి అరుగు మీద ఒక్కతే గవ్వలాడుకుంటోంది.

"చేద ప్రశ్నకి జవాబు తెచ్చానమ్మా. ఇదిగో, ఈ నిమ్మకాయ చూడు."

పిల్ల చూసింది గానీ మొహంలో ఏ వెలుగూ లేదు.

"నాకెందుకండీ?"

"నువ్వడిగిందేగా?"

"అవేవీ నావి కాదండీ. మా మాణిక్యాంబత్త అడగమనేది. నాన్నగారి చెల్లెలండి. కార్తీకంలో జ్వరమొచ్చి పోయింది."

"అయ్యో. నేనెన్నడూ చూడలేదే ఆవిడని."

"రోజూ చూసేవారు కదండీ. బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడేది."

జ్ఞానమ్మ తలెత్తి చూసింది. గుమ్మం ఖాళీగా ఉంది.

"పాలేరు చేత కడిగిస్తానంది మామ్మ. అత్తే నేను కడుగుతానని బతిమాలుకుంది. అరుగు మీదికి రావడానికి తనకి ఇంకో వంక ఏముందండి? మీరు వెళ్ళిపోయాక ఆ గీతల దగ్గరే కూర్చునేది. మామ్మ కేకలేస్తేనే కడిగేది."

"మరి ఆ రోజు? నేను లేవకుండానే..."

పాపాయి గవ్వలు ఏరుకుంటూ చెప్పింది.

"చేద సంగతి నాకు అడగడం చేతకావట్లేదని, తనే అడుగుదామని వచ్చిందండి. మామ్మ చూస్తుందేమోనని బిందె పట్టుకుంది గానీ, అందులో నీళ్ళు లేవండి."