ఉత్తుత్తి రోగులు

“పేర్లు మీరే కల్పించండి. రోగాలు కూడా,” అన్నాడు జయరామ్. “మా ప్రోగ్రాం ఎక్కడ తప్పు చేస్తుందో చూద్దాం.”

తిరుపతిలో ఆ ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చి వారమైంది. పరీక్షలో నెగ్గితే పాత కార్డుల గదికి తాళం పడుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ గదికి గుమాస్తా కోదండం. పరీక్ష పెట్టేదీ అతనే. తన గొయ్యి తనే ఎవడు తవ్వుకుంటాడు, కోదండం దాన్ని బోల్తా కొట్టించి తీరతాడని ఆఫీసంతా నవ్వుకుంది.

“గుండు కొత్తది! మొక్కు తీర్చుకున్నారా?” అన్నాడు జయరామ్. అతనిది మద్రాసు.

కోదండం ఊఁ అన్నాడు. తిరుపతిలో గుండు గురించి అంతకుమించి ఎవరూ అడగరు.

ఒంటి వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. మునిరామయ్య, అరవై ఒకటి, పూతలపట్టు. పెన్సిలిన్ పడదు.

తర్వాత ఇంకొకరు. మునిరామయ్య, అరవై ఒకటి, పూతలపట్టు. ఏ మందైనా పడుతుంది.

“అదేంటండీ, ఇద్దరూ ఒకటేనా?”

“అన్నదమ్ములిద్దురూ కొడుకులకి వాళ్ల నాయన పేరే పెట్టినారు సార్. ఇంటిపేరూ ఒకటే. మా పక్క ఇంటింటా ఉండేదే.”

“సరే. మొదటాయన జ్వరంతో వచ్చాడనుకోండి. కొట్టండి.”

పేరు, వయసు, ఊరు కొట్టాడు. తెర మీద రెండో మునిరామయ్య వివరాలు వచ్చాయి. పెన్సిలిన్ ఇవ్వవచ్చు.

“సచ్చిపోయినాడు సార్,” అన్నాడు కోదండం. మజ్జిగ అయిపోయిందని చెప్పినట్టే చెప్పాడు.

జయరామ్ నవ్వాడు. “ఉత్తుత్తి మనిషే కదా! మీ కార్డులైతే ఈ తప్పు పట్టేవా?”

“లేదు సార్. వార్డు నుంచి చీటీ వస్తాది. పేరు, వయసు, ఊరు. చేతికందిన కార్డు పంపిస్తాం. మనిషిని యాడ సూస్తాం?”

“మరి ఆ ఇద్దరినీ వేరు చేసేదేది?”

“కొడుకుల పేర్లు.”

జయరామ్ రెండు గంటలు కూర్చుని ప్రోగ్రాం సరిచేశాడు. ఈసారి కంప్యూటర్ ఆగింది. ఈ పేరుతో ఇద్దరున్నారు, కొడుకు పేరు చెప్పమంది.

“భేష్! ఇక పరీక్ష నెగ్గిందని సంతకం పెట్టేస్తారా?”

“పెడతాను సార్.”

ఆఫీసులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ముందు మొదటాయన కొడుక్కి ఏదో ఒక పేరు కొట్టండి, చూద్దాం,” అన్నాడు జయరామ్.

కోదండం ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ, ఆ గడిలో తన పేరు కొట్టాడు.