వెళ్లేవాడి శుక్రవారం

"రిమోట్ ఇట్లా ఇయ్యి పెద్దాయనా! టాస్ కూడా అయిపోయింటాది," అన్నాడు ఫర్హాన్ చెయ్యి చాచి.

భూమయ్య ఇవ్వలేదు. రిమోట్‌ను లుంగీ మడతలో దోపుకుని మెస్ హాల్లో టీవీకి అడ్డంగా నిలబడ్డాడు.

గల్ఫ్‌లో, ఘాలాలోని ఆ లేబర్ క్యాంపులో ఒక ఆనవాయితీ ఉంది. పని చాలించుకుని ఇక తిరిగి రాకుండా ఇంటికి పోయేవాడికి ఆఖరి శుక్రవారం రిమోట్ అప్పగిస్తారు. అతను ఏది పెడితే మిగిలినవాళ్లు అదే చూడాలి. కొందరు సినిమాలు పెట్టుకున్నారు. ఒకాయన భజనలు పెట్టుకున్నాడు. ఎవరూ కాదనలేదు. కానీ ఇవాళ క్రికెట్ ఫైనల్. భూమయ్యను ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయే బస్సు సాయంత్రం వస్తుంది. ఆయన పెడతానంటున్నది సల్సా డ్యాన్స్ ప్రోగ్రామ్.

"ఆ పాటలు వారం వారం వచ్చేటివే గదబ్బా! ఫైనల్ మళ్లా వస్తాదా?" అన్నాడు ఫర్హాన్. అతనిది కడప. క్రికెట్ అంటే ప్రాణం.

"నేను మల్ల వస్తనా?" అన్నాడు భూమయ్య.

ఫర్హాన్ విసురుగా వెళ్లి మూలన కూర్చుని ఫోన్‌లో స్కోరు చూసుకోసాగాడు.

"కాకా, గా ఎర్రగౌను డ్యాన్సర్ కోసమే గదా గింత పట్టు? చిన్నమ్మకు ఫోన్ జేసి చెప్త ఆగు," అన్నాడు ఓంకార్.

"చెప్పు పో. ఆమె ఎప్పుడో ఇడిసిపెట్టింది నా సంగతి."

అందరూ నవ్వారు, ఫర్హాన్ తప్ప.

డిష్‌లో ఉచితంగా వచ్చే స్పానిష్ ఛానెల్ అది. ఎప్పటివో స్టేజీ ప్రోగ్రాములను తిప్పి తిప్పి వేస్తుంటారు. ఒక్క మాట కూడా ఇక్కడ ఎవరికీ తెలియదు. అయినా ఆ బాకాలు, పొడుగు డోళ్లు, చేతులు పట్టుకుని తిరిగే జంటలు, అన్నీ చూసి చూసి క్యాంపుకు వంటబట్టాయి. మూడడుగులు, ఒక ఆగుడు. మళ్లీ మూడడుగులు, ఒక ఆగుడు. పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పారు. సైట్‌లో ఇనుప కడ్డీలు మోసేటప్పుడు కూడా కాళ్లు ఆ లెక్కలోనే పడతాయి. జగిత్యాలకు వెళ్లిపోయిన సంజీవ్ తన తమ్ముడి పెళ్లి బరాత్‌లో డప్పులవాళ్లకు ఆ దరువే చెప్పి ఊరందరి చేతా ఆడించాడు. ఆ వీడియో చూడనివాడు క్యాంపులో లేడు.

"బెంచీలు గోడకు జరుపుండ్రి," అన్నాడు భూమయ్య.

టీవీ గొంతు చిన్నది. ఆడేవాళ్లకు దరువు అందాలంటే ఎవరో ఒకరు దాని పక్కనుంచి స్టీలు పళ్లెం వాయించాలి. అది ఎప్పుడూ ఓంకార్ పని. ఇవాళ భూమయ్య పళ్లెం లాక్కుని టీవీ కింద డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు.

"నువ్వాడవా కాకా?"

"మోకాళ్లు బస్సెక్కనీకె దాసిపెట్టిన. మీరాడుండ్రి."

భుజాన తువ్వాలు వేసుకున్నవాడు ఆడమనిషి లెక్క. వంటమనిషి మొయినుద్దీన్ తన పెద్ద పొట్ట మీదుగా తువ్వాలు పవిట తిప్పుకుని వచ్చాడు. హాలంతా ఈలలు.

"ఫర్హాన్‌ను లేపుండ్రి," అన్నాడు భూమయ్య.

"నాకొద్దు పెద్దాయనా. వికెట్ పడిండాది ఈడ."

"ఒక్క పాట బిడ్డా. ఫోన్ పక్కకు వెట్టు."

ఫర్హాన్ కదల్లేదు. మొయినుద్దీనే వెళ్లి చెయ్యి పట్టి లాగాడు. "రా బేటా, నాకు జోడీ ఎవరూ దొరకలే. ముసలిదాన్ని అయిపోయినా."

ఫర్హాన్‌కు నవ్వు ఆగలేదు. లేచాడు. మొదటి చుట్టులోనే కాలు తప్పి మొయినుద్దీన్ పాదం తొక్కాడు. రెండో పాటకు ఇద్దరికీ లెక్క కుదిరింది. మూడో పాటకు ఫోన్ ఎక్కడ పెట్టాడో కూడా మరిచిపోయాడు.

భూమయ్య వాయిస్తూనే ఉన్నాడు. "తిరుగుండ్రి... ఇంకో సుట్టు... ఇంకో సుట్టు!" అని అరుస్తున్నాడు. పాట నెమ్మదించినా ఆయన చెయ్యి నెమ్మదించలేదు. ఆయన పెట్టె గుమ్మం దగ్గరే తాడు కట్టి ఉంది. పోయేవాడి పెట్టె కళ్లెదుట ఉంటే ఎవరికీ అటు చూడబుద్ధి కాదు. అందుకేనేమో, వాళ్లూ అడిగినప్పుడల్లా ఇంకో చుట్టు తిరిగారు.

బయట బస్సు హారన్ మోగింది.

పళ్లెం ఆగింది. కాళ్లు మాత్రం ఇంకో మూడడుగులు వేసి ఆగాయి.

ఒక్కొక్కరే వచ్చి చెమట చేతులతోనే భూమయ్యను కౌగిలించుకున్నారు. ఫర్హాన్ ఎవరూ చెప్పకుండానే పెట్టె భుజానికెత్తుకుని బస్సు దాకా మోశాడు. పెట్టె పైకెక్కించి, చేతులు దులుపుకుంటూ అడిగాడు.

"మా ఫైనల్ ఎట్లాగూ పోగొడితివి. ఆ టీవీలో అంతగా ఏం చూసినావో చెప్పిపో పెద్దాయనా."

"టీవీ నా నెత్తి మీదుండె. నాకేం కనవడ్తది బిడ్డా?" అన్నాడు భూమయ్య, బస్సు మెట్టు మీద కాలు పెట్టి. "మ్యాచ్ వెడితే మీరందరు అటు మర్లి కూసుందురు, నేను మీ ఈపులు సూసుకుంట పోదును. గిట్లయితే తిరిగినప్పుడల్ల ఒక్కొక్కని మొఖం నా దిక్కొచ్చింది."