కురాతా చెవులు

ఆన్‌లైన్‌లో నాకు ఫోన్ అమ్మిన కురాతాని వెతుక్కుంటూ ఒసాకాలో వాడి గదికే వెళ్లాను. తలుపు తీసే ఉంది. వాడు అటు తిరిగి ఏదో పనిలో మునిగిపోయాడు. కాసేపు గుమ్మంలోనే నిలబడి, అప్పుడు పిలిచాను.

"జపాన్ ఫోనని చెప్పి బయటి దేశానిది అంటగట్టావు. మన జపాన్ ఫోనైతే ఫోటో తీసినప్పుడల్లా టిక్కుమని తీరాలి, ఆ చప్పుడు ఆపడం కుదరదు. ఇది నోరే మెదపదు."

"ముందు మీ చెవులు చూపించుకోండి పిన్నిగారూ. అది అసలు సిసలు జపాన్ ఫోను. గట్టిగానే మోగుతుంది."

"నీ చెవులు బాగానే పనిచేస్తాయా?"

"చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది."

వాడు అమ్మిన ఆ ఫోన్‌లోనే ఫోటోలు తెరిచి వాడి ముక్కు ముందు పెట్టాను. అన్నిట్లోనూ కురాతాయే, పెట్టెల మీద హాంకాంగ్ లేబుళ్లు పీకి జపాన్‌వి అంటిస్తూ.

"మరి ఇందాక గుమ్మంలోంచి ఇవన్నీ తీస్తుంటే వెనక్కి తిరగలేదేం?"