గులాబీల విమానం

"రోగి ఉన్నాడంటే సరుకు దించేసి స్ట్రెచర్ బిగిస్తాం" అని విమానాల కంపెనీ పెట్టిన రోజే మా బావ అందరికీ మాటిచ్చాడు. ఉన్నది ఒక్క విమానం, నడిపేది నేను. ఇప్పుడా కంపెనీ చరిత్రని నున్నటి కాగితం మీద అచ్చేయించారు. ఆ మాట ఎన్నడూ తప్పలేదట. ఆహా!

మొదటి పెద్ద బేరం గులాబీలు. అన్నీ ఎక్కించాక, కొండమీది ఆఫీసు నుంచి మా అక్క, అంటే బావ భార్య, రేడియోలో పలికింది.

"ఇక్కడో రోగి ఉందిరా. తొందరేం లేదు, పూలు చేర్చేసి రా."

"ఎవరే?"

"ఎవరైతే నీకెందుకు? పెళ్లిచూపులకొస్తున్నావా?"

నేను బావ వైపు తిరిగాను. "పూలు దించేద్దామా?"

"మీ అక్కే తొందర్లేదంటుంటే నీకేం పుట్టిందోయ్! వాడిపోతే నీ నెత్తిన పెట్టుకుంటావా?"

పూలు తాజాగా చేరాయి. స్ట్రెచర్ బిగించుకుని కొండమీదికి వెళ్లేసరికి అక్క రేడియో ముందే ఒరిగిపోయి ఉంది, ప్రాణం లేదు. పొద్దుట్నుంచీ గుండె నొప్పట. రోగి తనే.

నేను బావని తిట్టుకుంటానని అందరూ అనుకుంటారు. పాపం, ఆయన వ్యాపారి. అక్క మాత్రం పరాయివాళ్ల కోసమైతే నా పీక మీద కూర్చుని సరుకు దింపించేది. తన ప్రాణం దగ్గరికొచ్చేసరికి గులాబీలకి దారిచ్చింది. నేను ఇప్పటికీ క్షమించనిది మా అక్కని.