ఉత్తమ ట్రైనీ, ఉత్తమ టీచరు

ఆస్పత్రుల్లో ట్రైనీ నర్సుల ప్రతి నిమిషం పనీ లెక్కగట్టి చేతిపట్టీలే మార్కులు వేసే రోజులవి. ఉత్తమ ట్రైనీగా లిఖితను, ఆమె టీచరు హైమవతిని వేదిక మీదకు పిలిచారు.

"ఈ అమ్మాయి ఏడాదంతా ఒక్క నిమిషం వృథా చేయలేదండి," అన్నాడు డైరెక్టర్, హైమవతికి శాలువా కప్పుతూ.

హైమవతికి వార్డులో జరిగింది గుర్తొచ్చింది. పోయినవారం చావుబతుకుల్లో ఉన్న ఒక ముసలామె చేయి చాపితే, లిఖిత ఆగకుండా వెళ్లిపోయింది. ఆ చేయి పట్టుకుని ప్రాణం పోయేదాకా కూర్చున్న మరో ట్రైనీ రెజీనాకు మాత్రం, ఖాళీగా ఉందని పట్టీ సున్నా వేసింది. ఆస్పత్రివాళ్లు ఆమెను శిక్షణ నుంచి తీసేసి ఊరికి పంపేశారు.

"ఆ ముసలామె దగ్గర ఒక్క క్షణం ఆగలేకపోయావామ్మా?" అని లిఖితను మెల్లగా అడిగింది హైమవతి.

"మార్కులు పోగొట్టుకోవద్దని మీరే చెప్పారు కదా మేడమ్," అంది లిఖిత.

నిజమే. హైమవతికి తన మీదే రోత పుట్టింది. శాలువా తీసి కుర్చీలో పెట్టి, రెజీనాను క్షమాపణ అడగడానికి, ఆమె ఊరి బస్సు కోసం బస్టాండుకు నడిచింది.